క్రొత్తచేతికి కఠినవాద్యమేల?

విద్యారంభమునకు మన పెద్దలు తిథి చూచిరి, వారము చూచిరి, గురువును చూచిరి. నేడు పిల్లలకు గిటారు కొనిపెట్టు తలిదండ్రులు ధర చూచుచున్నారు, రంగు చూచుచున్నారు, దానిపై అచ్చువేసిన పేరు చూచుచున్నారు. దానిని వాయింపవలసిన చేతిని మాత్రము చూచుట లేదు. కొన్న రెండు మూడు నెలలకు ఆ గిటారు బీరువాపైకి చేరును. పిల్లవానికి శ్రద్ధ లేదని తండ్రియు, సంగీతము మన వంశమున లేదని అవ్వయు నిశ్చయింతురు. పిల్లవాడును అదియే నమ్మును. ఈ తీర్పులో విచారణకు రానిది ఒక్కటే, ఆ గిటారు.

క్రొత్తగా నేర్చుకొనువారికి, దొరకినంతలో వ్రేళ్ళకు మిక్కిలి సులువుగా లొంగెడి గిటారునే ఈయవలెనని నా అభిప్రాయము. ఇందులో వాదమేమున్నదని కొందరనుకొనవచ్చును. వాదము కలదు. "మొదట బిరుసు తంతులమీద సాధన చేసిన వ్రేళ్ళు రాటుదేలును, ఆ పిమ్మట ఏ వాద్యమైనను వెన్నవలె నుండును" అను మాట గిటారు నేర్పువారి నోటను, అమ్మువారి నోటను, కడకు నేర్చినవారి నోటను వినబడుచున్నది. నేర్చినవారి మాటకు విలువ యెక్కువ గనుక అదియే ఎక్కువ హాని చేయుచున్నది. వారు తాము దాటివచ్చిన ఏటిని చూపి, ఈత నేర్చుటకు వరదయే మంచి గురువని చెప్పుచున్నారు. ఆ వరదలో కొట్టుకొనిపోయినవారు వచ్చి సాక్ష్యము చెప్పరు గదా!

శ్రమ లేనిదే విద్య రాదనుట నిజము. ఛందస్సును వ్యాకరణమును బోధించి బ్రతుకుచున్న నేను ఆ మాటను కాదనజాలను. కాని శ్రమ రెండు విధములు. లయ నిలుపుకొనుట, ఒక స్వరస్థానమునుండి మరియొకదానికి తడబడక చేరుట, రెండు చేతులును ఒక్క మనసుతో కదలుట, తాను వాయించునది తాను వినుట: ఇది కళలోని శ్రమ. దీనిని ఎవ్వరును తగ్గింపలేరు, తగ్గింపనక్కర లేదు. తంతి మెట్టునుండి అవసరమునకు మించి రెండు మిల్లీమీటర్ల ఎత్తున నుండుటచేత పడెడి శ్రమ వేరు. అది కొయ్యలోని శ్రమ. వాద్యము చేసినవాడు సగములో విడిచిన పని అది. దానిని పసివ్రేళ్ళచేత పూర్తిచేయించి సాధన యని పేరు పెట్టుట అన్యాయము.

గిటారు నొక్కుటకు కష్టమగుటకు కారణములు మూఢవిశ్వాసములు గావు, కొలతలు. అంగళ్ళలో సామాన్యముగా దొరకు ఉక్కుతంతుల గిటారున ఆరు తంతుల లాగుడును కలిపిన సుమారు 70 కిలోల బరువునకు సమానమగును. నైలాను తంతుల గిటారున అది సుమారు 40 కిలోలు మాత్రమే. ఎలక్ట్రిక్ గిటారునకు సన్నని తంతులు వేసినచో దాని లాగుడును 40 కిలోలకు అటునిటుగనే యుండును. ముందు కొయ్యగిటారు నేర్చి ఆ పిమ్మటనే ఎలక్ట్రిక్ గిటారు పట్టవలెనను నియమమును ఎవరు పుట్టించిరో గాని, వ్రేళ్ళ పక్షమునుండి చూచిన అది తలక్రిందుల నియమము. విద్యుద్వాద్యమునకు ధ్వనిపెట్టె వేరుగా కొనవలెను, ఇరుగుపొరుగువారి ఓర్పును కొంత కావలెను; అభ్యంతరములు అవి మాత్రమే.

మన అంగళ్ళలో గోడకు వ్రేలాడు గిటారులలో పెద్ద బొజ్జయు వెడల్పు భుజములును గల ఆకృతి యొకటి తరచుగా కనబడును. దానిని డ్రెడ్‌నాట్ అందురు. అది 1906లో ఆంగ్లేయులు నీటిలోనికి దింపిన యుద్ధనౌక పేరు. దేనికిని వెరవనిదని అర్థము. అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1916లో ఒక వర్తకసంస్థ కొరకు ఇట్టి పెద్ద గిటారును చేసి, 1931 నుండి తమ పేరుననే అమ్మసాగిరి. గట్టిగా, మంద్రము నిండుగా మ్రోగవలెనని కట్టిన వాద్యమది. ఆ పనికి అది మేటియే. అయితే దాని వెనుక పదేండ్ల బాలికను కూర్చుండబెట్టి చూడుడు. గడ్డము పెట్టె యంచును తాకును. కుడి మోచేయి పైకిలేచి భుజము చెవిదగ్గరకు పోవును. ఎడమచేయి మెడకొనను అందుకొనుటకై నడుము ఒక ప్రక్కకు వంగును. దేనికిని వెరవని ఆ నౌకను చూచి వెరచునది ఆ బాలికయే.

నైలాను తంతుల గిటారు కొనిన ఈ చిక్కులన్నియు తీరునా? కొన్ని తీరును. వెనుకటి కాలమున స్పెయినుదేశపు గిటారులకు ప్రేగుతంతు లుండెడివి. రెండవ ప్రపంచయుద్ధకాలమున వానికి కొరత యేర్పడగా, న్యూయార్కునందలి ఆల్బర్ట్ అగస్టీన్ అను శిల్పి 1940 దశకమున నైలానుతో తంతులు చేయించెను. మహావాద్యకారుడగు ఆంద్రే సెగోవియా వానిని ఆదరించెను. నైలాను వ్రేలికొనను ఉక్కువలె కోయదు. కాని అట్టి గిటారు మెడ పై అంచున సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పుండును. ఉక్కుతంతుల దానికి 43 మాత్రమే. తంతి మెత్తదనము ఒక చేత ఇచ్చిన సౌఖ్యమును మెడ వెడల్పు మరియొక చేత కొంత లాగుకొనును. సన్నని పొట్టి వ్రేళ్ళు గలవారు ఈ సంగతి తెలియక, నైలాను సులువని విని కొని, ఆరవ తంతి అందక చిన్నబోవుట కలదు. కాబట్టి నైలానే సులువు, ఉక్కే కష్టము అని సూత్రము వ్రాయుటకు వీలులేదు.

నిడివి సంగతి ఇంతకంటె తేటగా నున్నది. ఆంటోనియో డి టోరెస్ (1817–1892) అను స్పెయిను శిల్పి నాటినుండి పెద్దల గిటారున తంతి మ్రోగెడి నిడివి 650 మిల్లీమీటర్లుగా స్థిరపడినది. ముప్పాతిక కొలత గిటారులలో అది 580 చుట్టుప్రక్కల నుండును. మెట్లు నిడివినిబట్టి లెక్కగా పడును గనుక, మొదటి నాలుగు మెట్లు ఆక్రమించు దూరము పెద్దదానిలో 134 మిల్లీమీటర్లు, చిన్నదానిలో 120. నాలుగు వ్రేళ్ళు చాచవలసిన దూరములో 14 మిల్లీమీటర్లు తగ్గుట చిన్న విషయము గాదు. అది వయసులో రెండు మూడేండ్లు పెరిగినంత. చిన్న గిటారు బొమ్మయని మనవారికి చిన్నచూపు. "ఎదుగు పిల్ల, పెద్దదే కొనుడు" అందురు. పాదమెదుగునని పసివానికి తండ్రి చెప్పులు తొడిగి బడికి పంపువారు లేరు గదా.

ఇన్ని చెప్పినను, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది తంతి ఎత్తు. తంతికిని మెట్టుకును నడుమ గల సందును గిటారువారు 12వ మెట్టువద్ద కొలుతురు. ఉక్కుతంతుల గిటారున అది సన్నతంతివద్ద రెండు, లావుతంతివద్ద రెండున్నర మిల్లీమీటర్ల ప్రాంతమున నున్న చేతికి హాయి. నైలాను గిటారున మూడు నుండి నాలుగు వరకు సహజము. చౌకగిటారులు అంగడినుండి వచ్చినప్పుడు ఇంతకు మించి ఒకటి రెండు మిల్లీమీటర్లు లేచియుండుట తరచుగా చూచుచున్నాము. ఒక మిల్లీమీటరే గదా యని తీసివేయరాదు. తంతిని ఎంత దూరము వంచిన అంత బలము కావలెను. ఆ బలము బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పట్టకారుపట్టు వంటి బిగువుగా మారి, పదినిముషములలో మణికట్టును నొప్పించును. నొప్పిపుట్టిన చేయి లయను మరచును. లయ తప్పిన పిల్లను గురువు కోపించును.

దీనికంటెను కనబడని శత్రువు మెడ పైకొనయందున్నది. బిరడల దిగువ, తంతులు గాడులలో ఆనియుండు తెల్లని పట్టీ యొకటి కలదు. దానిని నట్ అందురు. ఆ గాడులు ఎక్కువ లోతైన పట్టీ చెడిపోవును గనుక, కర్మాగారమున వానిని పైపైన కోసి విడుతురు. ఫలితముగ మొదటి రెండు మూడు మెట్లవద్ద తంతి మొండికెత్తును. చిత్రమేమనగా, క్రొత్తవాడు కాపురముండునది ఆ మూడు మెట్లలోనే. కార్డు అని వారు పిలుచు స్వరకూటములలో ఎఫ్ అను నొకటి మొదటి మెట్టున చూపుడువ్రేలిని అడ్డముగా పరచి ఆరు తంతులను ఒక్కమారు నొక్కిన గాని పలుకదు. గిటారు విద్యార్థులలో సగముమంది దండయాత్ర ఆ కోటవద్దనే ఆగిపోవుననిన అతిశయోక్తి కావచ్చును, కాని పెద్ద అతిశయోక్తి గాదు. వారిలో ఎందరిని ఆపినది ఎఫ్, ఎందరిని ఆపినది తెల్లపట్టీ? పరీక్ష సులభము. తంతిని మూడవ మెట్టువద్ద నొక్కిపట్టి, మొదటి మెట్టుపై దానికి గల సందును చూడవలెను. కాగితము దూరునంత యున్న చాలును. కనబడునంత వెలుతురున్నచో తప్పు వ్రేలిది గాదు.

ఈ రెండును సరిచేయదగినవే. బ్రిడ్జిపై తంతులు ఆనెడి ఎముకపట్టీని అడుగున అరగదీసిన తంతి దిగును. 12వ మెట్టు తంతి నిడివికి సరిగా సగము గనుక, అక్కడ ఒక మిల్లీమీటరు దిగవలెనన్న పట్టీయొద్ద రెండు తీయవలెను. తీసినది మరల అంటింపరాదు. కాబట్టి పని తెలిసినవానిచేతనే, కొంచెము కొంచెముగా చేయించుట మేలు. మరీ దించిన తంతి మెట్లను రాచుకొని రొదచేయును. నేను సులువును కోరుచున్నాను గాని రొదను కోరుట లేదు. వీణకు మైనము సడలి మెట్లు కదలిన, చేయు శిల్పిని పిలిచి మరల కట్టించుట మనకు క్రొత్త గాదు. గిటారు విషయమున మాత్రము, కొన్న వస్తువును మరల సరిచేయించుట ఏమిటని ముఖము చిట్లింతురు. కొయ్య మన శీతోష్ణములకు లొంగునది. కోస్తా తేమలో గిటారు పైపలక ఉబ్బి తంతులను పైకెత్తును. రాయలసీమ, తెలంగాణముల ఎండలలో కొయ్య ముడుచుకొని మెట్ల కొనలు మెడ యంచున ముండ్లవలె గుచ్చుకొనును. కావున ఏటికొకమారు చూపించుటయు అవసరమే.

సరిచేయువాడు దొరకని యూరిలో ఒక ఉపాయము కలదు. ఆరు తంతులను ఒక అర్ధస్వరము దించి శ్రుతిచేసినచో లాగుడు నూటికి 11 పాళ్ళు తగ్గును. పూర్ణస్వరము దించినచో దాదాపు 21 పాళ్ళు. అట్లు దించి, రెండవ మెట్టున కాపో అను చిన్న పట్టుకొమ్మను బిగించిన శ్రుతి మరల యథాస్థానమునకు వచ్చును, తంతి మాత్రము మెత్తగనే యుండును. పైగా తెల్లపట్టీ బాధ తొలగును, మెట్ల నడుమ దూరమును తగ్గును. ఇది మోసమని ఒక గురువు తన శిష్యురాలిని మందలించెనని విని నవ్వితిని. శ్రుతి సరిగా నున్నప్పుడు మోసపోయినది ఎవరు?

కాఠిన్యమే ఘనతయని నమ్మువారికి ఒక మహానుభావుని సంగతి చెప్పదలచితిని. బర్మింగ్‌హాము నగరమున టోనీ అయోమీ యను యువకుడు 1965లో రేకుల కర్మాగారమున పనిచేయుచుండగా, మెట్లను నొక్కెడి చేతి మధ్యవ్రేలి కొనయు ఉంగరపువ్రేలి కొనయు యంత్రమునబడి తెగిపోయెను. కర్మాగారపు పెద్ద యొకడు జాంగో రైన్‌హార్ట్ (1910–1953) వాయించిన రికార్డును వినిపించి, ఆ వాద్యకారుడు 1928లో అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్ళు చెడినను వాయించెనని చెప్పి ధైర్యమిచ్చెను. ఇంతవరకు కథ కఠినపక్షమువారికే అనుకూలము. తరువాతిది వినవలెను. అయోమీ ప్లాస్టికు కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొనెను. వానిపై తోలు అతికెను. మామూలు తంతులు నొచ్చుచున్నవని బాంజో తంతులవంటి సన్ననివానిని వెదకి కట్టెను. కొంతకాలమునకు తంతులనే దించెను. 1971లో వెలువడిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ యను ఆల్బములో కొన్ని పాటలకు మూడు అర్ధస్వరములు దించి వాయించెను. అదే తంతికి అట్లు దించిన లాగుడు నూటికి 30 పాళ్ళ వరకు తగ్గును. బ్లాక్ సబ్బాత్ బృందపు ఆ బరువైన నాదము, లోకమునంతటను హెవీ మెటల్ అను పేర వ్యాపించిన సంగీతమునకు తల్లివేరు. అంతటి ఉరుమువంటి ధ్వని వెనుక నున్నది సులువును వెదకికొన్న చేయి! ధైర్యము అతనిని గిటారు వదలనీయలేదు. బిరుసు తంతిని మాత్రము వదలిపెట్టించినది.

మన సంగీతసంప్రదాయము కఠినపక్షమని తలచువారు సరళీస్వరములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పురందరదాసు (1484–1564) ఏర్పరచెనని ప్రసిద్ధిగల ఆ పాఠక్రమము మాయామాళవగౌళతో మొదలగును. స రి గ మ లలో ఏ యెడములున్నవో ప ద ని స లలోను అవే యెడములు. చెవి ఒకమారు నేర్చినదానిని రెండవమారు వాడుకొనును. 'సరళి' యనునది 'స్వరావళి'కి మారురూపమని కొందరందురు, 'సరళ' శబ్దముతో ముడిపెట్టువారును కలరు. వ్యుత్పత్తి ఏదైనను, మొదటి మెట్టును ఎత్తు తక్కువగా కట్టిరనుట నిశ్చయము.

వాద్యమును చేతికి తగినట్లు మార్చుకొనుటయు మనకు క్రొత్త గాదు. బాలుస్వామి దీక్షితులు మున్నగువారు 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఐరోపావారి ఫిడేలును గ్రహించినప్పుడు, నిలుచుండి గడ్డముక్రింద నొక్కిపట్టవలెనను నియమమును మనవారు పాటింపలేదు. నేలపై కూర్చుండి, వాద్యపు కొనను కుడిపాదముపై ఆనించి, ఎడమచేయి భారము మోయక స్వేచ్ఛగా జారునట్లు చేసికొనిరి. తంతులను షడ్జపంచమములకు శ్రుతిచేసికొనిరి. దానిని సోమరితనమని ఎవ్వరును అనలేదు. ఫిడేలు మనదైపోయినది. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలినును చేపట్టినప్పుడును ఇదియే జరిగినది. జంటతంతుల మాండలిను గమకమునకు లొంగదు. ఎలక్ట్రిక్ మాండలినుపై జంటలకు బదులు ఒంటితంతులు కట్టి ఆ బాలుడు వాయించెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలికచేరి చేయునాటికి అతనికి తొమ్మిదేండ్లు. జంటతంతులతోనే పోరాడి గెలువుమని అతనిని ఎవరైన శాసించియుండిన ఏమగునో ఊహించుట నాకు ఇష్టము లేదు.

వ్రేలికొనలు కొంత కాయకాచుట తప్పదు. వీణ వాయించువారి చూపుడువ్రేలి గాటును చూచినవారు గిటారునకు మినహాయింపు అడుగరు. మెత్తని తంతితో మొదలిడినవాడు పిమ్మట ఉక్కుతంతికి మారినప్పుడు రెండు మూడు వారములు నొచ్చుననుటయు సత్యమే. కాని అప్పటికి అతనికి నాలుగు పాటలు వచ్చియుండును. పాట వచ్చిన వ్రేలు నొప్పిని సహించుటకు కారణము కలిగియుండును. పాట రాని వ్రేలికి ఏ కారణమును లేదు. నా తరగతిలో ఒక విద్యార్థిని అట్టలు కట్టిన వ్రేళ్ళతో కలము పట్టలేక యుండుట చూచి అడుగగా, "నా చేతులు సంగీతమునకు పనికిరావు, మాస్టారూ" అన్నది. పందొమ్మిదేండ్ల పిల్ల తన చేతులగురించి పలికిన మాట అది. ఆ పిల్ల గిటారు మెడ ఎట్లున్నదో ఆమెకు ఎవ్వరును చూపలేదు. మన యిండ్లలో ఆడపిల్లలు ఇట్టి తీర్పును మగపిల్లలకంటె త్వరగా అంగీకరింతురనియు, వారికి రెండవ గిటారు కొనువారు తక్కువ యనియు నాకు తోచుచున్నది.

ఇక కొనుట. అనుకొన్న సొమ్ములో అయిదవ వంతు చేతనుంచుకొని మిగిలినదానికే గిటారు కొనుట మంచిది. ఆ అయిదవ వంతు తంతి ఎత్తు సరిచేయించుటకును, వచ్చిన తంతులు తీసివేసి సన్ననివి వేయించుటకును అక్కరకు వచ్చును. తంతులమ్మువానిని, ఉక్కువైనచో పది నంబరు పలుచని జత అడుగవలెను; లాగుడు 60 కిలోలకు దిగును. అంగడివాడు తానే వాయించి చూపగా విని మురిసి కొనరాదు. అతని వ్రేళ్ళు ఇరువదియేండ్ల వ్రేళ్ళు. వాయింపబోవు పిల్లను వెంట తీసికొనిపోయి, గోడకున్నవానిలో మూడింటిని దింపించి, వీపు నిలిపి కూర్చుండబెట్టి, ఒక్కొక్కదానిమీద మొదటి మెట్టున సన్నతంతులు రెండింటిని ఒక్క వ్రేలితో నొక్కించి మీటించవలెను. అప్పుడు చూడవలసినది గిటారును గాదు, పిల్ల ముఖమును.